పాపికొండల్లో మా చెరువు

మనిషన్నవాడు పరువు పోగొట్టుకోవడానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని కూడా ఆ పని చేసుకోవచ్చు. నేను మాత్రం చీకటితో లేచి, తల దువ్వుకుని, కారెక్కి, బోటెక్కి, కొండెక్కి, రెండు రాష్ట్రాలకు వినపడేలా ఆ పని పూర్తి చేసుకుని వచ్చాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి గాని మా ఆవిడకు వినపడకుండా నవ్వుకోండి. ఆవిడకు ఈ కథ నాకన్నా బాగా చెప్పడం వచ్చు.

ముందు నా అర్హతలు. నేను ఏలూరులో ఒక హైస్కూల్లో సోషల్ మేష్టార్ని. అందులోనూ భూగోళం అంటే ప్రాణం. కొండలు, లోయలు, పీఠభూములు బోర్డు మీద అలా గీసి పారేస్తాను. నేను గీసిన కొండల్ని చూసి పిల్లలు ఇడ్లీలనుకుంటారన్నది వేరే సంగతి. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను కొండన్నది ఎక్కి ఎరగను. మాది పెదపాడు మండలంలో కొల్లేటి అంచు పల్లె. దేవుడు ఆ నేలని అట్లకాడతో సాపుగా రాసి, ఆరబెట్టడం మరిచిపోయినట్టుంటుంది. మా ఊరి మొత్తానికి మహోన్నత శిఖరం చేపల చెరువు గట్టు. దాని మీద మేత బస్తాలు పేరిస్తే ఎవరెస్టు. ఏలూరు వచ్చిన కొత్తలో రైల్వే ఓవర్ బ్రిడ్జి మీదికి సైకిలు తొక్కి, పర్వతారోహణ అంటే ఇదే కాబోలని ఆయాసపడ్డవాణ్ణి.

అయితే కాంటూరు అన్న మాట మాత్రం మా ఊళ్ళో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. నేల ఎత్తుని బట్టి మ్యాపులో గీసే గీత అది. లోకానికది పుస్తకంలో గీత, మాకది నుదుటి మీద గీత. ఐదో కాంటూరుకు లోపలున్నదంతా కొల్లేటి పక్షుల అభయారణ్యం. అక్కడ చేపల చెరువు తవ్వకూడదు. తవ్వితే ఫారెస్టు వాళ్ళొచ్చి గట్టు కొట్టేస్తారు. గీతకు బయట మీ ఇష్టం.

మరి మా చెరువు లోపలా, బయటా అంటారా? సరిహద్దు రాయి సరిగ్గా మా చెరువులోనే ఉంది. వేసవిలో నీళ్ళు తీస్తే రాయి తలెత్తి చూస్తుంది. అప్పుడు మేము లోపల. వానలకు చెరువు నిండితే రాయి మునిగిపోతుంది. అప్పుడు మేము బయట. ఆ లెక్కన ఏడాదిలో సగం రోజులు పూర్తి న్యాయంగా బతికే కుటుంబం మాది.

అందువల్ల మా ఇంట్లో పిల్లలకు ఓనమాల కన్నా ముందు ఒక వాక్యం నేర్పేవారు. ఖాకీ బట్టలు కనపడగానే, అడిగినా అడక్కపోయినా, "ఆ చెరువు మాది కాదండి" అనెయ్యాలి. తరవాత తీరిగ్గా వాళ్ళెందుకొచ్చారో కనుక్కోవాలి. ఒకసారి మా నానమ్మ ఉత్తరం తెచ్చిన పోస్టుమేనుకి ఇదే చెప్పింది. ఆయన, "చెరువు సంగతి నాకెందుకు మామ్మగారూ, ఉత్తరం మీదేనా" అంటే, "ఉత్తరం కూడా మాది కాదు నాయనా" అని పంపేసింది. అది నాకొచ్చిన ఇంటర్వ్యూ కాగితం. అదృష్టం కొద్దీ ఆయన మర్నాడు లుంగీలో వచ్చి ఇచ్చి వెళ్ళాడు.

ఇవీ నా పుట్టుపూర్వోత్తరాలు. ఇలాంటి వాడికి తాడేపల్లిగూడెం నుంచి సంబంధం వచ్చింది. ఉల్లిపాయల మార్కెట్టున్న ఊరు గనక, కన్నీళ్ళకు అలవాటు పడ్డవాళ్ళు గనక, నాకు పిల్లనివ్వడానికి మరీ బాధపడరని మా నాన్న ధైర్యం. పిల్ల పేరు కరుణ. గూడెంలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. పెళ్ళిచూపుల్లో నా వైపు చూసి, చెయ్యి పట్టుకోకుండానే నాడి చూసినట్టు నవ్వింది. నాకు ఆ క్షణంలోనే జ్వరం పట్టుకుంది. ఇంతవరకు తగ్గలేదు.

చిక్కంతా వాళ్ళ నాన్నతోటి. పేరు సత్యానందం గారు. రిటైరైన హెడ్మాష్టారు, చర్చిలో సంఘ పెద్ద. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత మీద దోమ వాలితే తెగిపోయేటట్టుండేది. ఆయన మా నాన్నని అడిగిన మొదటి ప్రశ్నే ఇది.

"మీ చెరువు కాంటూరుకి లోపలాండీ, బయటాండీ?"

"బయటేనండి. కావాలంటే వచ్చి చూసుకోండి," అన్నాడు మా నాన్న. అది ఆగస్టు నెల. నీళ్ళిచ్చిన ధైర్యం.

"ఏం లేదండీ. అబద్ధం ఆడే ఇంటికి పిల్లనివ్వకూడదని మా నియమం. మాకు ఈ చెరువులూ, గొడవలూ బొత్తిగా గిట్టవు. నా పింఛనేదో నాది," అన్నారు సత్యానందం గారు. పక్కన ఆయన భార్య రత్నమ్మ గారు పైకప్పు వైపు చూశారు. అప్పుడు నాకది భక్తి అనిపించింది.

సంబంధం నచ్చింది గాని ఆయనకు తొందర లేదు. ప్రధానం పెట్టుకునే ముందు అబ్బాయితో ఒక రోజంతా తిరిగి చూడాలన్నారు. చలికాలం రాగానే కబురొచ్చింది. "పాపికొండలు వెళ్దాం బాబూ. మీరు భూగోళం మేష్టారు కదా, దగ్గరుండి చూపిద్దురుగాని."

ఆ రోజు నాకు పరీక్ష అన్నమాట. పాసైతే ప్రధానం, తప్పితే ప్రణామం. మా నాన్న మేత వేసే పనుందని రాలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం చెవిలో చెప్పాడు. "ఏవైనా మాట్లాడరా. కాంటూరు మాటొక్కటే ఎత్తకు."

"అక్కడ కొండలుంటాయి నాన్నా. కాంటూరు మాటెత్తకుండా ఎలా?"

"అయితే కొండల వైపు చూడకు," అన్నాడు.

గండి పోశమ్మ దగ్గర వాళ్ళు ముగ్గురూ, నేనూ బోటెక్కాం. పిలుపులతో ఒక చిన్న ఇబ్బంది ఉందండీ. ఇంకా ప్రధానం కాలేదు గనక "మావయ్యగారూ" అనడానికి లేదు. పరాయివాళ్ళని పిలిచినట్టు "సార్" అనడానికి మనసొప్పదు. అందుకని ఆ రోజంతా ఒట్టి "అండీ" మీదే బతికాను. మన గోదావరి జిల్లాల్లో పుట్టినందుకు ఆ మాట అంతగా ఆదుకోవడం అదే మొదలు.

కింద ధవళేశ్వరం దగ్గర కాళ్ళూ చేతులూ బారజాపుకుని పడుకునే గోదావరి, కొండల మధ్యకి వచ్చేసరికి, రద్దీ బస్సులో ముగ్గురి సీటులో నాలుగో మనిషిలా ఒదిగిపోయింది. రెండు పక్కలా కొండలు లేచాయి. నేను మెడ వెనక్కి వంచాను. ఇంకా వంచాను. వాటి చివర కనపడేటప్పటికి నా కళ్ళజోడు జారి వెనక సీటాయన ఉప్మాలో పడింది.

"మేష్టారూ, ఆ కొండ పేరేవిటండీ?" అంది కరుణ.

"పాపికొండండి."

"దాని పక్కదండీ?"

"అదీ పాపికొండేనండి."

"మరి ఆ వెనకదీ?"

"అందుకేనండి బహువచనంలో పాపికొండలన్నారు."

కరుణ నదివైపు తిరిగి నవ్వుకుంది. సత్యానందం గారికి మాత్రం గురి కుదిరింది. "ఇవి ఎక్కడిదాకా పోతాయి బాబూ?"

"మన దగ్గర మొదలై తెలంగాణలోకి పోతాయండి. కొండలకి చెక్‌పోస్టు ఉండదు కదండీ. ఇదంతా నేషనల్ పార్కండి. పులులవీ ఉంటాయి."

"పులులా?" అని రత్నమ్మ గారు పులిహోర గిన్నె మూత బిగించి ఒళ్ళో పెట్టుకున్నారు.

పేరంటపల్లి దగ్గర బోటు ఆపారు. "చూసుకుని తొందరగా వచ్చెయ్యండి. సైరను వెయ్యగానే బోటు దగ్గరుండాలి. లోపలికి ఎవరూ వెళ్ళొద్దు," అని మైకులో ముమ్మారు చెప్పారు. ఆడవాళ్ళిద్దరూ వెదురు బొమ్మలమ్మే చోట ఆగిపోయారు. సత్యానందం గారు నా భుజం మీద చెయ్యి వేసి, "మనం ఆ సెలయేరు దాకా వెళ్ళొద్దాం బాబూ. ఒక్క మాట మాట్లాడాలి," అన్నారు.

ఒక్క మాట ఏమిటో నాకు తెలుసు. అది 'కా'తో మొదలవుతుంది. దాన్ని ఆయన నోట్లోనే ఆపడానికి నేను మాట్లాడుతూనే ఉన్నాను. రాళ్ళ గురించి, మట్టి గురించి, నాకు తెలియని చెట్ల గురించి. మాట ఆపకూడదు గనక నడక ఆపలేదు. సెలయేరు దాటాం. ఒక మిట్ట ఎక్కి అవతలికి దిగాం. అక్కడ ఇంకో చిన్న ఏరు కనపడింది. అప్పుడు ఆయనే ఆగి, "బాబూ, చాలా దూరం వచ్చేశాం. వచ్చిన దారినే పోదాం," అన్నారు.

బుద్ధున్నవాడైతే "అలాగేనండి" అంటాడు. నేనేమన్నానంటే:

"ఎందుకండీ, చుట్టూ తిరిగి? ఈ ఏరు పట్టుకుని దిగిపోదాం. ఏరెక్కడికి పోతుందండీ? గోదాట్లోకి. బోటెక్కడుందండీ? గోదాట్లో."

"అంతేనంటారా?"

"నీళ్ళ సంగతి నాకొదిలెయ్యండి. కొల్లేట్లో పుట్టినవాణ్ణి."

నా తప్పు లేదండీ, మా నేల నేర్పిన చదువు అది. మా వైపు దారి తప్పడమంటే అసాధ్యం. ఏదో ఒక కాలవ గట్టు పట్టుకుని నీళ్ళతో పాటు నడవడమే. నీళ్ళకు తలుపులేసే లాకు వస్తుంది. లాకు దగ్గర టీ కొట్టుంటుంది. టీ కొట్టు దగ్గర బస్సాగుతుంది. నీటికి గట్టుండాలి, గట్టు మీద దారుండాలి, దారి చివర టీ ఉండాలి. సృష్టి ధర్మం ఇదేనని నా నమ్మకం. కొండల్లో ఏటికి గట్టుండదనీ, అది నడవడానికి కాక దూకడానికి బయల్దేరుతుందనీ నాకెవరు చెప్పారు? పుస్తకంలో 'జలపాతం' అని ఉంది, నిజమే. పిల్లలకది చెప్పాను. నాకెవరూ చెప్పలేదు.

దిగుతున్నకొద్దీ ఏరు నిటారుగా అయింది. సత్యానందం గారు మొదట నిలబడి దిగారు. తరవాత వంగి దిగారు. చివరికి కూర్చుని దిగారు. తెల్ల ప్యాంటు వెనక భాగం భారతదేశపు నేలల రకాలన్నీ ఒకే పటంలో చూపిస్తోంది. దూరపు కొండలు నునుపని సామెత కట్టినవాడు కచ్చితంగా దగ్గరికి వెళ్ళి, ఇలాగే కూర్చుని దిగిన మనిషే అయ్యుంటాడు.

ఎట్టకేలకు గోదావరి వచ్చింది. నేను విజయగర్వంతో "చూశారాండీ" అన్నాను. చూశారు. మేము నిలబడింది మా ఇంటి అరుగంత ఇసుక మేట. ఎడమ పక్క నిట్టనిలువు బండ. కుడి పక్క నిట్టనిలువు బండ. ఎదర గోదావరి. బోటు లేదు. లాకు లేదు. టీ కొట్టు అసలే లేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడి గురించి విన్నాం గాని, ఏరు వెంట వచ్చి తెప్పనే పోగొట్టుకున్నవాడి గురించి పెద్దలెవరూ సామెత చెప్పలేదు. నా కోసం ఖాళీ ఉంచారు.

ఫోన్లు తీశాం. సిగ్నలు లేదు. అప్పుడే సైరను మోగింది.

"అదిగో, ఎడం వైపు," అన్నాను. మళ్ళీ మోగింది. "కాదండీ, కుడి వైపు." మళ్ళీ మోగింది, ఈసారి నెత్తి మీద నుంచి. మా ఊళ్ళో కేక ఎటునుంచి వస్తే మనిషి అటే ఉంటాడు. ఇక్కడ ఒక్క బోటు నాలుగు వైపులా ఉంది.

రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాను. "ఎవరైనా ఉన్నారాండీ?"

అవతలి కొండ మీద నుంచి జవాబొచ్చింది. "ఉన్నారాండీ..."

"ఉన్నారటండీ," అన్నాను సంతోషంగా. "మన జిల్లా మనిషే. 'అండీ' అంటున్నాడు."

సత్యానందం గారు నా వైపు చాలాసేపు చూశారు. "బాబూ, అది ప్రతిధ్వని."

"అది సైన్సు మేష్టారి సబ్జెక్టండి," అన్నాను నీరసంగా.

ఆయన ఇసుకలో కూలబడ్డారు. నేనూ కూలబడ్డాను. కరుణ ముఖం గుర్తొచ్చింది. ఇప్పుడా అమ్మాయి బోటు మీద నిలబడి మా కోసం చూస్తూ ఉంటుంది. సాయంత్రానికి ఈ సంబంధం వద్దనుకోవడం కూడా అయిపోతుంది. ఏలూరుకీ గూడేనికీ ఎంత దూరమని, ప్యాసింజరు ఎక్కి కూర్చుంటే పల్లీలు తినేలోగా వచ్చేస్తుంది. ఆ కాస్త దూరం ఈ పూటతో దాటలేనంత అయిపోయిందనిపించింది.

"సరే, ఎలాగూ కూర్చున్నాం," అన్నారు సత్యానందం గారు. "ఆ ఒక్క మాట ఇక్కడే అడుగుతాను. దాచకుండా చెప్పాలి. మీ చెరువు..."

సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి ఒక చిన్న మోటారు బోటు వచ్చింది. అందులో నిలబడి ఒకాయన. టోపీ, మీసం, చేతిలో మైకు. నా కళ్ళకు అవేవీ కనపడలేదు. ఖాకీ ఒక్కటే కనపడింది.

"అక్కడున్న ఇద్దరూ," అన్నాడాయన మైకులో. "ఇది నేషనల్ పార్కు. మేము ఫారెస్టు డిపార్ట్‌మెంటు. మీరు..."

అంతే. నా కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. చిన్నప్పటి చదువు ఎక్కడికి పోతుంది?

"ఆ చెరువు మాది కాదండి," అన్నాను.

అయితే ఒక విచిత్రం జరిగింది. నా గొంతుకు జోడుగా ఇంకో గొంతు కూడా, అక్షరం పొల్లు పోకుండా, అదే తాళంలో అంది. చర్చిలో ఏళ్ళ తరబడి పాటలు పాడిన లోతైన గొంతు.

తిరిగి చూశాను. పక్కన సత్యానందం గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

కొండలకు ఇవన్నీ తెలియవు కదా. అవి విన్నది విన్నట్టు అందుకున్నాయి. "మాది కాదండి... కాదండి... కాదండి..." అని ఎడం గట్టు కుడి గట్టుకు చెప్పింది. కుడి గట్టు పై కొండకు చెప్పింది. పై కొండ సరిహద్దు దాటించి తెలంగాణకి అందించింది. ఏళ్ళ తరబడి మా రెండు కుటుంబాలు ఊళ్ళో గుట్టుగా ఉంచుకున్న సంగతి, నేషనల్ పార్కులో పిట్టలతో సహా అందరికీ తెలిసిపోయింది.

బోటులో ఆయన మైకు దించి, తలకాయ గోక్కుని, మళ్ళీ ఎత్తాడు. "ఏ చెరువండీ?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గోదావరి కూడా కాసేపు ఆగి మావైపు చూసినట్టనిపించింది.

ఆయన మమ్మల్ని బోటెక్కించుకుని, పార్కులో దారి వదిలి తిరగకూడదని గట్టిగా చీవాట్లు పెట్టాడు. "కొండల్లోకొచ్చి చెరువంటారేవిటండీ, చలికాలంలో ఎండ దెబ్బా?" అని మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. మేము బోటు చివర దగ్గరగా కూర్చున్నాం. మోటారు చప్పుడులో సత్యానందం గారు నా చెవి దగ్గరకు వంగారు.

"మీది ఎంత లోపలుంది బాబూ?"

"రాయి మునిగేటంతండి. మీదండీ?"

"మా బావమరిది పేరున ఉందిలెండి." అటూ ఇటూ చూసి, "మా దాంట్లో రాయి ఏ కాలంలోనూ కనపడదు," అన్నారు.

"అదృష్టవంతులండి," అన్నాను.

ఆయన ఏదో అనబోయారు. పెదవులు బిగించారు. భుజాలు కదిలాయి. కోపమేమోనని హడలిపోయాను. చూస్తే కళ్ళవెంట నీళ్ళొచ్చేటట్టు నవ్వుతున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు గాని, కొండనెక్కి చెరువుని పట్టింది మాత్రం మేమిద్దరమే.

పెద్ద బోటు దగ్గర కరుణ నిలబడి ఉంది. ఫారెస్టు వాళ్ళని పంపించింది తనేనట. మా ఇద్దరి అవతారం పైనుంచి కిందిదాకా చూసి, "ఇంతసేపు ఏం మాట్లాడుకున్నారు నాన్నా?" అంది.

"ప్రకృతి గురించమ్మా," అన్నారాయన. "అబ్బాయి చాలా లోతైన మనిషి. వచ్చే వారమే ప్రధానం పెట్టుకుందాం."

"లోతా? ఎంతుంటుంది?"

"మన అంత లేదులే," అని పొరపాటున అనేసి, పులిహోర అడిగారు. రత్నమ్మ గారు మళ్ళీ పైకి చూశారు. ఈసారి అది భక్తి కాదని నాకు తెలిసింది.

ఇంతటితో ఆపితే కథ సుఖాంతం. కాని పెళ్ళి గూడెంలో వాళ్ళ చర్చిలో జరిగింది. పాస్టరు గారు గంభీరంగా, "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను," అన్నారు. చర్చంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వెనక తలుపు కిర్రుమంది. ఖాకీ చొక్కా ఒకటి లోపలికి వచ్చింది. పక్క కల్యాణ మండపం వాచ్‌మేను.

నేను బిగుసుకుపోయాను. మొదటి వరసలో మావయ్యగారు లేచి నిలబడడం కంటికొసల్లోంచి కనపడింది.

"గేటుకి అడ్డంగా పెట్టిన ఆ పూల కారు..." అన్నాడతను.

"మాది కాదండి," అన్నాం ఇద్దరం.

కారు ముందు బంతిపూలతో నా పేరూ, కరుణ పేరూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. కరుణ మేలిముసుగు చాటు నుంచి నా వైపు తిరిగి, నాకూ, పాస్టరు గారికీ మాత్రమే వినపడేలా, "మరి నేనెవరిదాన్నండీ?" అంది.

కనుక, ఏలూరు నుంచి కొల్లేరు దాకా ఉన్న సమస్త సమతల భూమి మీద ఆన పెట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నేను ఓవర్ బ్రిడ్జి కన్నా ఎత్తయినదేదీ ఎక్కను. గట్టు లేని నీటిని నమ్మను. కొండలు వినే చోట నోరు తెరవను. ఖాకీ బట్టలు ఎదురైనప్పుడు, ఎంత వానాకాలమైనా సరే, అడిగే ప్రశ్న పూర్తిగా విన్నాకే జవాబు చెబుతాను.

అన్నట్టు, ఇది చదివే ఫారెస్టు వారెవరైనా ఉంటే ఒక్క మనవి. ఇందులో రాసిన చెరువు మాది కాదండి.